ఇంటి గుండలకు విడి సరకు: మన కొట్లు చూసుకోవలసిన లెక్క

మిరప, ధనియాలు, జీలకర్ర, పసుపు ధరవరలను వర్తకులు పేట వైపు నుంచి చూస్తారు. రాబడులు ఎన్ని బస్తాలు, శీతల గిడ్డంగుల్లో నిల్వ ఎంత, ఎగుమతిదారులు కొనుగోళ్ళకు దిగారా లేదా అన్నది వారి లెక్క. అదే సరకును వంటింటి వైపు నుంచి చూసేవారూ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇల్లాలికి కావలసింది బస్తా కాదు, గుండ. కృష్ణా, గుంటూరు వైపు పొడి అనేదాన్ని మనం గుండ అంటాం. కారం గుండ, పసుపు గుండ, సాంబారు గుండ, కంది గుండ, నువ్వుల గుండ లేనిదే మన ఇళ్ళలో వంట సాగదు. ఈ గుండలను ప్యాకెట్‌గా కొనాలా, దినుసులు కొని ఇంట్లో తయారు చేసుకోవాలా అని ఆమె వేసుకొనే లెక్క మీదనే మన పచారీ కొట్ల విడి సరకు వర్తకం నిలబడి ఉన్నది.

ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందన్న మాట నిజమే. అయితే అన్ని గుండల్లోనూ మిగలదు. ఎక్కడ మిగులుతుందో కొట్టువారు తెలుసుకొని, అక్కడ నమ్మకమైన సరకు పెడితే ఆదా కొనేవారికీ, వర్తకం మనకూ దక్కుతాయి. ఈ వ్యాసం చెప్పదలచింది అంతే.

ప్యాకెట్‌తో మనం గెలవలేం

పొడుల వర్తకంలోకి పెద్ద పెట్టుబడి వచ్చి చాలాకాలమైంది. నార్వేకు చెందిన ఓర్క్లా సంస్థ 2007లో ఎం.టి.ఆర్.ను కొన్నది. 2020లో ఐ.టి.సి. కంపెనీ కలకత్తా వారి సన్‌రైజ్ మసాలాలను కొన్నది. ఇంత పెద్ద సంస్థలు ఊరికే రావు. దినుసు ధరకూ పొడి ధరకూ మధ్య ఉన్న తేడా వారి కంటికి ఆనింది.

ఆ ప్యాకెట్లను మన కొట్లూ అమ్ముతున్నాయి. అయితే అదే ప్యాకెట్ విశాఖపట్నంలోని పెద్ద దుకాణంలోనూ దొరుకుతుంది, ఫోను మీద ఆర్డరిస్తే ఇంటికీ వస్తుంది. వారు లారీల లెక్కన కొని, గరిష్ఠ చిల్లర ధర మీద తగ్గింపు ఇవ్వగలరు. గంటస్తంభం దగ్గరి పచారీ వర్తకుడు అదే ముద్ర ఉన్న అదే ప్యాకెట్‌ను అంతకంటే చౌకగా ఇవ్వలేడు. సరకులో తేడా లేనప్పుడు మిగిలేది ధర ఒక్కటే. ధరలో పోటీ వస్తే పెద్ద పెట్టుబడిదే పైచేయి.

విడి దినుసు సంగతి వేరు. ఈ కొట్టు ధనియాలకూ పక్క కొట్టు ధనియాలకూ తేడా ఉంటుంది. చేతిలోకి తీసుకొని వాసన చూడవచ్చు, కొరికి చూడవచ్చు. అక్కడ వర్తకుని చూపుకూ, కొనుగోలులో అనుభవానికీ విలువ ఉన్నది. తండ్రి నాటి నుంచి ఫలానా వారి కొట్టులోనే చింతపండు కొంటామనే ఖాతాదారులు నేటికీ ఉన్నారు. ప్యాకెట్‌కు అలాంటి ఖాతాదారు లేడు.

మిరప లెక్క

2025 ఫిబ్రవరిలో మిరప ధరలు బాగా పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాల్‌కు రు. 11,781 ధర నిర్ణయించవలసి వచ్చింది. అంటే కిలో రు. 118 లోపు. ఆ ధరనే తీసుకొని లెక్క వేద్దాం. గుంటూరు నుంచి శ్రీకాకుళానికి దాదాపు 500 కిలోమీటర్లు. కమీషను, హమాలీ, లారీ బాడుగ, పన్ను, టోకు, చిల్లర లాభాలు అన్నీ కలిపి కిలోకు రు. 35 అనుకుందాం. చిల్లరలో కాయ రు. 153 పడుతుంది. తొడిమె తీసి, ఎండబెట్టి ఆడించేసరికి పదో వంతు తరుగు పోతుందనుకుంటే కిలో గుండకు కాయ ఖర్చు రు. 170. మిల్లు కూలి రు. 20 వేసినా రు. 190కి కిలో కారం చేతికి వస్తుంది. రు. 35, పదో వంతు తరుగు, రు. 20 అన్నవి ఇక్కడ లెక్క కోసం వేసుకున్నవి. ఎవరి ఊరి అంకెలు వారు వేసుకొని, ఆ రోజు తమ కొట్టు అరలో ఉన్న ప్యాకెట్ ధరతో పోల్చి చూసుకోవచ్చు.

ఇక్కడ గమనించవలసింది మరొకటి. యార్డులో కాయ ధర పడిన వారమే ప్యాకెట్ మీద ముద్రించిన ధర తగ్గదు. పాత ధరకు కొన్న సరకు, పాత ముద్ర, పాత నిల్వ అన్న కారణాలు ఉంటాయి. విడి కాయ ధర మాత్రం వారం తిరగకుండా కొట్టు వరకూ దిగుతుంది. కాబట్టి మిరప పడిన ఏడాది ఇంటి కారం ఆదా పెరుగుతుంది. మిరప మండిపోయిన ఏడాది ఆ తేడా సన్నగిల్లుతుంది. ఈ మాట ఖాతాదారుకు ముందే చెప్పగల వర్తకుని మాటకు విలువ పెరుగుతుంది.

అసలు ఆదా సాంబారు గుండలో

ఒక్క దినుసుతో చేసే గుండల కంటే నాలుగైదు దినుసులు కలిపిన గుండల్లో మిగులు ఎక్కువ. కిలో సాంబారు గుండకు ఒక లెక్క చూడండి. ధనియాలు 450 గ్రాములు, ఎండుమిరప 200, శనగపప్పు 120, మినపపప్పు 80, జీలకర్ర 60, మెంతులు 30, మిరియాలు 30, పసుపు 20, ఇంగువ 10. ఇంటింటికీ పాళ్ళు మారుతాయి గాని, ధనియాలదే పెద్ద వాటా అన్నది మారదు.

లెక్క కోసం కిలో చిల్లర ధరలు ఇలా వేసుకుందాం. ధనియాలు రు. 120, మిరప 180, శనగపప్పు 100, మినపపప్పు 130, జీలకర్ర 300, మెంతులు 100, మిరియాలు 800, పసుపు 200, ఇంగువ 1,500. మొత్తం దినుసుల ఖర్చు సుమారు రు. 176 అవుతుంది. వేయించినప్పుడు నూటికి ఎనిమిది పాళ్ళు తరుగు పోయిందనుకుంటే రు. 192. మిల్లు కూలి రు. 25 కలిపితే రు. 217. అందులో ధనియాలూ, రెండు పప్పులూ కలిసి 650 గ్రాములు, అంటే మూడింట రెండు వంతుల బరువు. వాటి ఖర్చు మాత్రం రు. 76. జీలకర్ర, మిరియాలు, ఇంగువ కలిసి 100 గ్రాములే, వాటికి రు. 57 పడింది.

అంటే సాంబారు గుండలో బరువంతా చౌక సరకుది. పేరు మాత్రం మసాలాది. కొనేవారు మసాలా ధర ఇచ్చి ఎక్కువ భాగం ధనియాలూ పప్పూ ఇంటికి తీసుకుపోతారు. ఇంట్లో కలుపుకొనే వారికి ఈ తేడా మిగులుతుంది. ఆ లాభంలో వర్తకునికీ భాగం ఉన్నది. అయిదు రకాల దినుసులు ఒకే బేరంలో అమ్ముడుపోతాయి. పప్పుల సరకూ కదులుతుంది. కంది గుండ, నువ్వుల గుండ వంటి వాటిలో ఇది మరీ ఎక్కువ. అందులో పప్పూ, నువ్వులే ప్రధానం. అవి మన కొట్లలో ఎలాగూ ఉండే సరకే.

ఆదా లేని చోటు

అన్నింటికీ ఇదే పాట పాడితే ఖాతాదారు మరుసటి నెల రాదు. పసుపు సంగతి చూడండి. కొమ్ము రాయిలాంటిది. ఇంటి మిక్సీ దాన్ని నలపలేదు. మిల్లుకు పోవాలంటే కొద్ది సరకును వారు ఆడరు. నెలకు వంద గ్రాములు వాడే చిన్న సంసారానికి పసుపు కొమ్ములు కొని ఆడించుకోవడంలో దక్కే ఆదా స్వల్పం. అక్కడ కారణం కల్తీ భయమే తప్ప డబ్బు కాదు. నలుగురైదుగురు కలిసి కొంటే, లేదా పెళ్ళి ఇంటివారైతే లెక్క మారుతుంది.

గరం మసాలా కూడా అలాంటిదే. ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయ పది గ్రాముల చొప్పున కొన్నప్పుడు చిల్లర లాభం, పొట్లం ఖర్చు బాగా పడతాయి. రుచికీ వాసనకూ ఇంటిదే మేలు. డబ్బు మిగులుతుందని మాత్రం చెప్పరాదు.

మూడవది నిల్వ. మనది సముద్రం పక్క ప్రాంతం. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. వేసవిలో ఏడాదికి సరిపడా గుండ ఆడించి పెట్టుకుంటే ఆశ్వయుజం నాటికి గడ్డకడుతుంది, వాసన పోతుంది, పురుగు పడుతుంది. కిలోకు రు. 50 ఆదా చేసి అరకిలో పారబోస్తే మిగిలింది నష్టమే. కారం ఒక్కటి ఉప్పు కలిపి జాడీలో నిలుపుకొనే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. సాంబారు గుండ, ధనియాల గుండ మాత్రం నెలకు ఒకసారి చేసుకొనేవి. నెలకు ఒకసారి అంటే నెలకు ఒకసారి మన కొట్టుకు రావడమన్న మాట.

పొడి చేశాక గ్రేడు కనబడదు

ఇంటి గుండ వైపు జనం చూడడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. కాయగా ఉన్నంతవరకూ తేజ ఏదో, 334 రకం ఏదో, బ్యాడిగి ఏదో తెలుస్తుంది. తాలు కాయ తెల్లగా పాలిపోయి కంటికి కనబడుతుంది. మర ఆడాక అన్నీ ఒకటే ఎరుపు. ఆ ఎరుపు కూడా కాయదేనా అన్న సందేహం 2003 నుంచి ప్రపంచ మార్కెట్లను వెంటాడుతున్నది. ఆ ఏడాది మన దేశపు మిరప ఉత్పత్తుల్లో సూడాన్ అనే అద్దకపు రంగు ఉన్నట్టు ఫ్రాన్సులో బయటపడింది. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు కొన్ని పేరున్న భారతీయ మసాలా ప్యాకెట్లలో ఎథిలీన్ ఆక్సైడ్ ఉన్నదని అభ్యంతరం చెప్పారు. ఈ వార్తలు మన పల్లెల వరకూ వచ్చాయి.

అయితే విడి సరకు అంటే కల్తీ లేని సరకని అనుకోరాదు. మిరియాల్లో బొప్పాయి గింజలు, నూనె తీసిన లవంగాలు, దాల్చినచెక్క పేరుతో కేసియా బెరడు, కొత్త మిరపలో శీతల గిడ్డంగి పాత సరకు, బరువు కోసం నీరు చల్లిన కాయ వర్తకులకు తెలియనివి కావు. నీరు చల్లిన కాయకు బూజు పడుతుంది. బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అలాంటి బస్తా ఒక్కటి కొట్టుకు వస్తే, ప్యాకెట్ మీద జనానికి ఉన్న అనుమానం విడి సరకు మీదకు మళ్ళుతుంది. అప్పుడు మనకు మిగిలే పోటీబలం ఏదీ లేదు. దలాళ్ళూ, కమీషన్ ఏజెంట్లూ మచ్చు ఒకటి చూపి సరకు ఒకటి పంపే పద్ధతి మానుకోవలసింది ఇందుకే. నష్టపోయేది ఒక్క బస్తా మీద లాభం కాదు, మొత్తం విడి సరకు మార్గమే.

మన పక్క సరకు

గుండలకు కావలసిన దినుసులన్నీ దూరం నుంచే రానవసరం లేదు. జీలకర్రకు గుజరాత్‌లోని ఉంఝా, ధనియాలకు రాజస్థాన్‌లోని రామ్‌గంజ్ మండీ, మిరపకు గుంటూరు తప్పవు. చింతపండు, పసుపు, మిరియాలు, నువ్వుల సంగతి అలా కాదు. మన ఏజెన్సీలో చింతపండు దండిగా దిగుతుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దాన్ని కొనుగోలు చేస్తున్నది. సీతంపేట, పార్వతీపురం, పాడేరు కొండల్లో పసుపు పండుతుంది. పాడేరు, అరకు కాఫీ తోటల్లో నీడ చెట్లకు మిరియాల తీగ పాకుతుంది. సరిహద్దుకు అవతల ఒడిశాలోని కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. నువ్వులు మన రెండు జిల్లాల పొలాల్లోనే పండుతున్నాయి. ఎలమంచిలి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి ఈ ప్రాంతానికి తగిన నువ్వు రకాలు వచ్చాయి.

కొండ పసుపు కొమ్ము పాలిష్ పట్టిన కొమ్ములాగా మెరవదు. అందువల్ల దానికి అడ్డ ధర పలుకుతుంది. ఇంట్లో ఆడించుకొనే వారికి మెరుపుతో పని లేదు, రంగూ వాసనా ఉంటే చాలు. ఈ మాట కొట్టులో చెప్పి అమ్మగలిగితే దగ్గరి సరకుకు గిరాకీ వస్తుంది, లారీ బాడుగా కలిసివస్తుంది. మంచి ధర వస్తే కొండ రైతు వచ్చే ఏడాది సరకు ఇంకాస్త బాగా ఎండబెట్టి తెస్తాడు.

చేయవలసినది

మొదటిది, సరకుకు పేరు పెట్టి అమ్మడం. ఎండుమిరప అని ఒకే రాశి పోయకుండా, ఇది తేజ, కారం ఎక్కువ, ఇది బ్యాడిగి, రంగు ఎక్కువ అని అట్ట రాసి పెట్టాలి. ధనియాల్లో బాదామీ, ఈగల్, స్కూటర్ గ్రేడులు వర్తకునికి తెలుసు, ఖాతాదారుకు తెలియవు. కొత్త పంటా, నిరుడు సరకా అన్నది కూడా రాయాలి. పాత సరకును పాతదని చెప్పి తక్కువకు అమ్మడంలో తప్పు లేదు.

రెండవది, తొడిమె తీసిన కాయ, చెరిగిన ధనియాలు వేరు ధరకు ఉంచడం. పని చేసుకొనే ఓపిక లేకనే చాలామంది ప్యాకెట్ వైపు పోతున్నారు. ఆ పని మన కొట్టులో జరిగితే నలుగురు ఆడవాళ్ళకు కూలీ దొరుకుతుంది, కిలోకు కొంత లాభం పెరుగుతుంది.

మూడవది, కిలో సాంబారు గుండకు కావలసిన దినుసులన్నీ ఒక చీటీ ప్రకారం ఖాతాదారు ఎదుటనే తూచి ఇవ్వడం. ఎదుట తూచి కట్టిన పొట్లానికీ, ముందే కట్టి అరలో పెట్టిన ప్యాకెట్‌కూ చట్టంలో తేడా ఉన్నది. కొనేవారు లేనప్పుడు ముందుగా కట్టినదైతే 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం బరువు, ధర, తేదీ, పేరు అన్నీ ముద్రించాలి. ఇక గుండగా ఆడించి విడిగా అమ్మే ఆలోచన వద్దు. పొడి చేసిన మసాలా దినుసులను ప్యాకెట్‌లో తప్ప అమ్మరాదన్నది ఆహార భద్రతా నిబంధన. వర్తకుడు దినుసు అమ్మాలి, ఆడించుకోవడం ఖాతాదారు పని.

నాలుగవది, మిల్లుతో అవగాహన. బియ్యప్పిండి ఆడిన మరలో కారం, కారం ఆడిన మరలో ధనియాలు పడితే దినుసు ఎంత మంచిదైనా గుండ చెడుతుంది. వారంలో ఫలానా రోజు కారం, ఫలానా రోజు సాంబారు గుండ అని మిల్లు యజమాని నియమం పెట్టుకుంటే, కొట్టువారు ఖాతాదారును అక్కడికే పంపవచ్చు. బొబ్బిలి, రాజాం, నరసన్నపేట, టెక్కలి వంటి పట్టణాల్లో కొట్టూ మిల్లూ ఒకే వీధిలో ఉంటాయి. ఇది కష్టమైన పని కాదు.

అయిదవది, కొనుగోలు సమయం. ధనియాలు, జీలకర్ర, పసుపు, చింతపండు కొత్త సరకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వస్తుంది. గుంటూరు మిరప రాబడులూ అప్పుడే ముమ్మరం. ఏటా మే నెలలో యార్డుకు సెలవులు వస్తాయి. మన ఇళ్ళలో గుండలు ఆడించుకొనేదీ ఎండలు ముదిరే ఆ రోజుల్లోనే. రాబడీ గిరాకీ ఒకే నెలల్లో కలవడం చిల్లర వర్తకునికి వరం. అప్పు చేసి ఏడాది సరకు నింపుకొని ధర పెరుగుతుందని కూర్చోవడం వేరే వ్యాపారం. జీలకర్ర 2023లో క్వింటాల్ రు. 60,000 దాటింది. అప్పుడు ఎగబడి నిల్వ చేసినవారు 2024 వసంతంలో కొత్త పంట వచ్చేసరికి సగానికంటే తక్కువ ధర చూడవలసి వచ్చింది.

ఎదురు వాదన

ప్యాకెట్‌కు తరుగు లేదు, పురుగు లేదు, కంపెనీ వ్యాను వచ్చి సరకు వేసిపోతుంది, కుర్రవాడు కూడా అమ్మగలడు అని కొందరు వర్తకులు అంటారు. అందులో నిజమున్నది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళలో దినుసులు వేయించే తీరిక లేదన్నదీ నిజమే. ప్యాకెట్‌ను అరలోంచి తీసేయమని ఎవరూ చెప్పడం లేదు. విడి సరకు చూసుకొనే ఓపిక పోయి కొట్టంతా ప్యాకెట్లతో నిండిపోతే, ఆ కొట్టుకూ ఇంకో కొట్టుకూ తేడా ఉండదన్నదే ఇక్కడి వాదన. తేడా లేని కొట్టును ఖాతాదారు దూరాన్ని బట్టి, తగ్గింపును బట్టి మారుస్తారు.

మధ్యదారి ఒకటి కూడా ఉన్నది. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. స్వయం సహాయక సంఘాల మహిళలకు పొడులు, పచ్చళ్ళు తయారు చేసే అలవాటు ఉన్నది. 2020లో వచ్చిన కేంద్ర పథకం కింద చిన్న ఆహార పరిశ్రమలకు పెట్టుబడిలో 35 శాతం వరకు సబ్సిడీ కల్పించారు. తీరిక లేని ఇళ్ళకు ఇలాంటి సంఘాలు అనుమతులతో, ముద్రతో గుండ తయారు చేస్తే వారికి దినుసులు సరఫరా చేసేది మన టోకు వర్తకులే. వారిని పోటీగా చూడనవసరం లేదు. నెలకు క్వింటాళ్ళ లెక్కన కొనే స్థిరమైన ఖాతాదారుగా చూడాలి. అరువు ఇచ్చేటప్పుడు గడువు కచ్చితంగా మాట్లాడుకుంటే చాలు.

సంక్రాంతి దాటితే కొత్త మిరప రాబడులు పెరుగుతాయి. ఆ తరువాత నెల రోజులకు ధనియాలు దిగుతాయి. ఈ రెండు సరకులే సాంబారు గుండలో మూడింట రెండు వంతులు. ఈ సీజనుకు ముందే పాత నిల్వలు తేల్చుకొని, చెరుగుడు, తొడిమె పని చేసే వారిని కుదుర్చుకొని, మిల్లువారితో మాట చేసుకున్న కొట్లకు వేసవి బేరం బాగుంటుంది. ధర ఎటు పోయినా తూకం సరిగా, సరకు చెప్పినట్టుగా ఉండేలా చూసుకోవడం వర్తకుల చేతిలోనే ఉన్నది.